బస్తీకీ బస్తీకీ ఆయుర్దాయం తేడా: ఏ లెక్కను ఎప్పుడు నమ్మాలి?

షికాగోలోని స్ట్రీటర్‌విల్‌లో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 90 ఏళ్లు. అదే ఊళ్లో, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎంగిల్‌వుడ్‌లో 60 ఏళ్లు. 2019లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ అంకెలు బయటపెట్టారు. ఇలాంటివి చూసినప్పుడల్లా మన దగ్గర పబ్లిక్ హెల్త్ విద్యార్థులకూ, విలేకరులకూ, బస్తీల్లో పనిచేసే సంస్థలకూ ఒకటే ఆలోచన వస్తుంది: హైదరాబాద్‌కో, విజయవాడకో, వరంగల్‌కో వార్డులవారీగా ఇలాంటి మ్యాప్ వేస్తే ఎలా ఉంటుందని.

వేయొచ్చు. కానీ కూర్చున్న మొదటి రోజే చిక్కు మొదలవుతుంది. నేరుగా ఆయుర్దాయమే కట్టాలా? మరణాల రేటు సరిపోతుందా? శిశు మరణాలు చూస్తే చాలా? లేక నడివయసు మరణాలా? ఒక్కో లెక్కకు కావాల్సిన సరుకు వేరు, అది తప్పే తీరు కూడా వేరు. ఒక మాట ముందే చెప్పాలి. జనం చెవికెక్కే అంకె ఆయుర్దాయమే. చిన్న ప్రాంతాల్లో అందరికంటే ముందు దారి తప్పేదీ అదే.

## ఎంచుకునే ముందు నాలుగు సంగతులు

మరణాలు ఎన్ని ఉన్నాయి? అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇది. లెక్కలోకి వచ్చిన మరణాలు 50 దాకా ఉంటే ఆయుర్దాయం అంకె అటు నాలుగైదేళ్లు, ఇటు నాలుగైదేళ్లు ఊగుతుంది. 200 ఉంటే ఆ ఊగిసలాట రెండు మూడేళ్లకు దిగుతుంది. ఊగిసలాట సగం కావాలంటే మరణాల సంఖ్య నాలుగింతలు కావాలి. అందుకే చిన్న ప్రాంతాలకు సాధారణంగా ఒక్క ఏడాది లెక్క వాడరు, కొన్నేళ్లవి కలుపుతారు.

బ్రిటన్‌లో కనీస హద్దుగా 5,000 వ్యక్తి-సంవత్సరాలు పెట్టుకున్నారు. అంటే వెయ్యి మంది జనాభాను ఐదేళ్లు చూడటం. ఆ హద్దును మనం యథాతథంగా తెచ్చుకోకూడదు. మన దగ్గర యువ జనాభా ఎక్కువ కాబట్టి వెయ్యి మందికి ఏటా ఆరేడు మరణాలే ఉంటాయి. 5,000 వ్యక్తి-సంవత్సరాలకు ముప్పై పైచిలుకు మరణాలు వస్తాయి, అవి చాలవు. 200 మరణాలు కావాలంటే దాదాపు 33,000 వ్యక్తి-సంవత్సరాలు, అంటే ఏడు వేల జనాభాను ఐదేళ్లు చూడాలి.

చనిపోయినవాళ్లు ఎక్కడ ఉండేవాళ్లు? మన దేశంలో మరణాన్ని జరిగిన చోట నమోదు చేస్తారు, నివాసం ఉన్న చోట కాదు. రిజిస్టర్‌ను ఉన్నది ఉన్నట్టు వార్డులవారీగా విడగొడితే ఉస్మానియా ఉన్న అఫ్జల్‌గంజ్, నిమ్స్ ఉన్న పంజాగుట్ట, విశాఖలో కేజీహెచ్ ఉన్న మహారాణిపేట మృత్యు లోయల్లా కనిపిస్తాయి. పెద్దాసుపత్రి లేని వార్డుల్లో జనం చిరంజీవులైపోతారు. మరణ సమాచారం రాసే ఫారం 2లో నివాసానికి విడిగా గడులు ఉన్నాయి. డేటా అడిగేటప్పుడు ఆ గడులు కూడా కావాలని రాతపూర్వకంగా అడగాలి. సర్టిఫికెట్ల జాబితా మాత్రమే ఇస్తే అది ఈ పనికి పనికిరాదు.

చిరునామా చేతికొచ్చాక కూడా సగం పని మిగిలే ఉంటుంది. హైదరాబాద్ డోర్ నంబర్లలో మొదటి అంకె పాత మున్సిపల్ వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. 8-3 అని ఉంటే అది అమీర్‌పేట, శ్రీనగర్ కాలనీ వైపు అని పాతవాళ్లు చూడగానే చెబుతారు. కానీ ఆ 8కీ ఇప్పటి కార్పొరేటర్ వార్డు నంబరుకూ సంబంధం లేదు. పాత బ్లాకులను ఇప్పటి వార్డులకు కలిపే పట్టిక ముందుగా తయారు చేసుకోవాలి. ఒకే బ్లాకు రెండు వార్డుల్లో పడితే ఇళ్ల నంబర్లవారీగా విడగొట్టాలి. 'పోచమ్మ గుడి వెనక' అని మాత్రమే ఉన్నవాటిని ఆ ప్రాంతపు ఆశా కార్యకర్తకు చూపించడం కన్నా మంచి మార్గం లేదు. ఏ వార్డుకూ చేరని మరణాలు ఎంత శాతమో లెక్కపెట్టి ఉంచుకోండి. అవి పదిలో ఒకటి దాటితే ఆయుర్దాయం ఆలోచన పక్కన పెట్టడం మంచిది. ఎందుకంటే 70 ఏళ్ల ఆయుర్దాయం ఉన్న చోట అన్ని వయసుల్లోనూ ఐదోవంతు మరణాలు జారిపోతే అంకె దాదాపు మూడేళ్లు ఎక్కువగా వస్తుంది. పేద బస్తీల్లోనే ఎక్కువ జారిపోతాయి కాబట్టి అసలు తేడా మీ మ్యాప్‌లో మాయమవుతుంది.

వయసువారీ జనాభా ఉందా? చేతిలో ఉన్న చివరి జనగణన 2011ది. అందులో వార్డు స్థాయిలో దొరికేది మొత్తం జనాభా, 0–6 ఏళ్ల పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవాళ్లు. ఐదేళ్ల వయసు గుంపులు వార్డుకు లేవు. జిల్లాకో నగరానికో ఉన్న వయసు నిష్పత్తిని వార్డుకు అరువు తెచ్చుకోవాలి. 18 దాటినవాళ్లకు ఓటరు జాబితా కొంత ఆసరా. అందులో వయసులు ఉంటాయి, పోలింగ్ బూత్ స్థాయిలో దొరుకుతుంది. చనిపోయినవాళ్ల పేర్లు తీసేయకపోవడం, అద్దెకుండేవాళ్ల ఓట్లు సొంతూళ్లో ఉండటం దాని లోపాలు.

ఎవరికి చెప్పాలి? లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ నుంచి తూర్పు వైపు జూబిలీ లైన్ రైలెక్కితే స్టేషన్‌కో ఏడాది చొప్పున ఆయుర్దాయం తగ్గుతుందన్న మాట ప్రపంచమంతా పాకింది. ప్రామాణీకరించిన (వయసు తేడాలు సరిచేసిన) మరణాల రేటు గురించి అలాంటి వాక్యం ఎవరూ రాయలేరు. వినేవాళ్లు కార్పొరేటర్లూ పత్రికల పాఠకులూ అయితే ఇది చిన్న విషయమేమీ కాదు.

## పుట్టినప్పటి ఆయుర్దాయం

లెక్క కష్టం కాదు, ఎక్సెల్ చాలు. వయసులను ఏడాదిలోపు, 1–4, తర్వాత ఐదేసి ఏళ్లు, చివర 85 పైన అని 19 గుంపులు చేయాలి. ఆడ, మగ విడివిడిగా. ప్రతి గుంపులో ఐదేళ్ల మరణాలను ఐదేళ్ల జనాభా మొత్తంతో భాగిస్తే రేటు వస్తుంది. ఐదేళ్ల గుంపులో చనిపోయే అవకాశం కావాలంటే రేటును 5తో గుణించి, 1కి రేటుకు రెండున్నర రెట్లు కలిపిన మొత్తంతో భాగించాలి. రేటు 0.004 అయితే 0.02ను 1.01తో భాగిస్తే 0.0198. లక్ష మంది పుట్టారనుకుని ఈ అవకాశాలతో మెట్టుమెట్టుకూ ఎంతమంది మిగులుతారో దించుకుంటూ వెళ్లాలి. ప్రతి మెట్టులో మొదట్లో ఉన్నవాళ్లు, చివర మిగిలినవాళ్ల సగటును ఆ గుంపులోని ఏళ్లతో (ఐదేళ్ల గుంపుకు 5తో) గుణిస్తే ఆ గుంపులో బతికిన ఏళ్లు. 85 దాటినవాళ్లకు మాత్రం, మిగిలినవాళ్లను నేరుగా రేటుతో భాగించాలి. అన్నీ కలిపి లక్షతో భాగిస్తే ఆయుర్దాయం.

తప్పేది ఎక్కువగా రెండు కొసల్లో. ఐదేళ్లలో 300 కాన్పులు జరిగిన చిన్న బస్తీలో ఒక్క శిశు మరణం నమోదు తప్పితే ఆయుర్దాయం దాదాపు మూడు నెలలు పెరుగుతుంది. ఇక పై కొస చూడండి. 85 దాటినవాళ్లు ఐదేళ్లలో 150 వ్యక్తి-సంవత్సరాలు, మరణాలు 20 అనుకుందాం. ఆ వయసులో మిగిలిన ఆయుష్షు ఏడున్నరేళ్లు. మన దగ్గర పెద్దవాళ్ల వయసు ఐదుకూ పదికీ గుండ్రం చేసి చెబుతారు, కొంచెం పెంచి కూడా చెబుతారు. ఆ 150 కాస్తా 200 అయిందంటే ఏడున్నర పదవుతుంది. వందలో 30 మంది 85 దాకా బతికే చోట ఈ ఒక్క పొరపాటే మొత్తం ఆయుర్దాయాన్ని తొమ్మిది నెలలు పెంచేస్తుంది. ఆ గుంపులో అసలు మరణాలే లేకపోతే భాగహారం సున్నాతో పడి లెక్క ఆగిపోతుంది. అప్పుడు పై గుంపును 75కో 80కో దించి, పోల్చే అన్ని వార్డులకూ అదే హద్దు పెట్టాలి. మీ వార్డుకు 75, పక్క వార్డుకు 85 పెడితే పోలికే ఉండదు.

అంకె సరిగ్గా వచ్చినా అర్థం తప్పడానికి ఇంకో దారి ఉంది. గ్లాస్గోలోని కాల్టన్‌లో మగవాళ్ల ఆయుర్దాయం 54 ఏళ్లని, దగ్గర్లోని లెంజీలో 82 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2008లో ఉదహరించింది. కాల్టన్‌లో పేదరికం నిజమే. అయితే ఇల్లూవాకిలీ లేని మగవాళ్ల హాస్టళ్లు కూడా అక్కడే ఉండేవి. వేరే చోట్ల చితికిపోయి వచ్చినవాళ్ల మరణాలు కాల్టన్ పద్దులో పడ్డాయి. వృద్ధాశ్రమాలు ఉన్న వార్డులదీ ఇదే కథ. అమెరికాలో తిరగేసి జరిగింది: 2010–2015 లెక్కల్లో అత్యధికంగా 97.5 ఏళ్లు వచ్చిన చోటు నార్త్ కరోలినాలోని ఫియరింగ్టన్ విలేజ్ ప్రాంతం. రిటైరై, ఆరోగ్యంగా, డబ్బుతో వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడ ఎక్కువ. అక్కడి గాలిలో అమృతమేమీ లేదు. కాబట్టి మ్యాప్ వేసే ముందు వార్డులో వృద్ధాశ్రమాలు, నైట్ షెల్టర్లు, చివరి దశ రోగులను చూసుకునే హాస్పైస్‌లు ఎక్కడున్నాయో జాబితా రాసుకుని, వాటి మరణాలతో ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కకట్టాలి.

## ప్రామాణీకరించిన మరణాల రేటు

వయసు తేడాలను సరిచేసి ఒక్క అంకెలోకి తెచ్చే పని ఇదీ చేస్తుంది. ఇందులో రెండు రకాలు. నేరు పద్ధతికి ప్రతి వయసు గుంపులోనూ మరణాల రేటు కావాలి, అంటే ఆయుర్దాయానికి కావాల్సిన సరుకే. అంత సరుకు ఉంటే ఆయుర్దాయమే కట్టొచ్చు. పరోక్ష పద్ధతికి వార్డు మొత్తం మరణాలు, వయసువారీ జనాభా చాలు. నగరం రేట్లే ఇక్కడా ఉంటే ఎన్ని మరణాలు జరగాలో కట్టి, జరిగినవాటితో పోలుస్తాం. 80 జరగాల్సిన చోట 100 జరిగితే 125.

మరణించినవాళ్ల వయసు సరిగ్గా రాయని రిజిస్టర్లకు ఇది వరం. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా పాటించాలి. 125ను నగరం 100తో పోల్చొచ్చు గానీ, పక్క వార్డు 110తో పోల్చి ర్యాంకులు ఇవ్వకూడదు. రెండు వార్డుల వయసు నిర్మాణాలు వేరైతే ఆ పోలిక నిలవదు.

## 30–69 మధ్య మరణాలు

మన వార్డులకు ఇప్పటికి ఎక్కువగా సరిపోయేది ఇదే. 30 ఏళ్లవాళ్లు వంద మంది ఉంటే 70 చేరకముందే ఎంతమంది పోతారు? ఎనిమిది వయసు గుంపుల్లో బతికే అవకాశాలను వరసగా గుణించి, 1 లోంచి తీసేస్తే జవాబు. 85 పైన వయసుల గందరగోళం ఇందులోకి రాదు. శిశు మరణాల నమోదు లోపాలూ రావు. ఓటరు జాబితాతో జనాభాను సరిచూసుకునే వీలుంది. పైగా గుండెపోటు, పక్షవాతం, షుగర్, టీబీ, రోడ్డు ప్రమాదాలు, తాగుడు, అంటే బస్తీకీ బస్తీకీ తేడా తెచ్చే చాలా కారణాలు తమ పని చేసేది ఈ వయసుల్లోనే.

కార్పొరేటర్‌కు చెప్పడానికి కూడా తేలిక: 'ముప్పై ఏళ్లవాళ్లు వందలో పాతిక మంది డెబ్బై చూడటం లేదు' అంటే వేరే వివరణ అక్కర్లేదు.

లోపం వలసలో ఉంది. పని కోసం వచ్చినవాళ్లు జబ్బు ముదిరితే సొంతూరు వెళ్లిపోతారు, మరణం అక్కడ నమోదవుతుంది. కూలీ అడ్డాలు, హాస్టళ్లు ఎక్కువ ఉన్న వార్డుల్లో రేటు ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. అలాంటి వార్డులను మ్యాప్‌లో గీతలతో వేరుగా చూపించడం నిజాయితీ.

## శిశు మరణాలు

ఏడాదికి 300 కాన్పులున్న వార్డులో వెయ్యికి 25 చొప్పున లెక్కవేస్తే ఏడెనిమిది మరణాలు. ఏడు నమోదయ్యాయంటే కేవలం యాదృచ్ఛికంగానే అది మూడు నుంచి పద్నాలుగు దాకా ఎక్కడైనా ఉండొచ్చు, అంటే వెయ్యికి 10 నుంచి 47. ఒక్క వార్డుకు ఒక్క ఏడాది అంకె ఎందుకూ కొరగాదు. దీనికి తోడు మన ఆచారం: తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. బిడ్డ నమోదు ఒక ఊళ్లో, పెరిగేది ఇంకో ఊళ్లో. జిల్లా స్థాయికి ఈ లెక్క ఉంచండి, వార్డుకు వద్దు.

## సగటు మరణ వయసు

అందరికన్నా తేలిగ్గా దొరికే అంకె ఇది. రిజిస్టర్‌లోని వయసులన్నీ కూడి సంఖ్యతో భాగించడమే. వాడకండి. కొండాపూర్, మాదాపూర్ లాంటి చోట్ల పాతికేళ్ల ఉద్యోగులే ఎక్కువ, ముసలివాళ్లు తక్కువ. అక్కడ జరిగే కొద్ది మరణాల్లో చిన్న వయసువాళ్ల వాటా ఎక్కువగా ఉంటుంది కాబట్టి సగటు వయసు తక్కువ వస్తుంది. ఈ అంకె చెప్పేది అక్కడ ఎవరు ఉంటున్నారన్నదే, ఎంతకాలం బతుకుతున్నారని కాదు. పత్రికల్లో అప్పుడప్పుడూ దీన్నే ఆయుర్దాయం అని వేస్తుంటారు.

## మోడల్‌తో సరిచేసిన లెక్కలు

లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం 2021లో ఇంగ్లండ్ మొత్తాన్ని 6,791 చిన్న ప్రాంతాలుగా చూసింది. 2019లో మగవాళ్లకు బ్లాక్‌పూల్‌లో ఒక చోట 68.3 ఏళ్లు, కెన్సింగ్టన్-చెల్సీలో ఒక చోట 95.3 అని తేల్చింది. ఇరుగుపొరుగు ప్రాంతాల నుంచి, పక్క వయసుల నుంచి, ముందు ఏళ్ల నుంచి సమాచారం అరువు తెచ్చుకునే బేయీసియన్ మోడల్ అది. మరణాలు తక్కువగా ఉన్న చోట అంకెలు పిచ్చిగా ఎగరకుండా పట్టి ఉంచుతుంది. గణాంక శాస్త్రం తెలిసిన మనిషి తోడుంటే ఇదే మంచి దారి. అయితే ఇరుగుపొరుగును చూసి సరిచేసే గుణమే ఒక్కోచోట ఎదురు తిరుగుతుంది. బంజారాహిల్స్‌లో కోట్ల రూపాయల బంగళాలకు ఆనుకునే ఇరుకు బస్తీలుంటాయి. మోడల్ ఆ బస్తీ అంకెను బంగళాల వైపు లాగుతుంది.

## ఒక్కచోట చూస్తే

| లెక్క | కనీసం కావాల్సింది | ఎక్కడ తప్పుతుంది | ఎవరికి |
|---|---|---|---|
| ఆయుర్దాయం | 200 మరణాలు, 19 వయసు గుంపులు, నివాస చిరునామా | పసిపిల్లలు, 85 పైన, వృద్ధాశ్రమాలు | జోన్, నగర స్థాయి నివేదికలు |
| పరోక్ష ప్రామాణీకరణ | మొత్తం మరణాలు, వయసువారీ జనాభా | వార్డుకు వార్డును పోల్చితే | వయసులు సరిగ్గా రాయని రిజిస్టర్లు |
| 30–69 మరణాలు | ఎనిమిది గుంపుల మరణాలు, జనాభా | వలస వార్డులు | వార్డు స్థాయి పని |
| శిశు మరణాలు | వేలల్లో కాన్పులు | పుట్టింటి కాన్పులు | జిల్లా |
| సగటు మరణ వయసు | రిజిస్టర్ ఒక్కటే | అన్నిచోట్లా | ఎవరికీ వద్దు |
| మోడల్ | పైవన్నీ, నిపుణులు | బంగళాల పక్క బస్తీ | యూనివర్సిటీలు |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

బస్తీ దవాఖానా కావాలనో, బీపీ-షుగర్ స్క్రీనింగ్ పెంచాలనో అడగడానికి అంకె వెతుకుతున్న సంస్థలకు 30–69 చాలు. మూడు నాలుగు పక్కపక్క వార్డులను కలిపి ఒక గుంపు చేయండి. కలిపేటప్పుడు హద్దులు కాదు, ఇళ్ల తీరు చూడాలి. బస్తీలను బస్తీలతో, కాలనీలను కాలనీలతో కలపాలి. లేకపోతే తేడా సగటులో కరిగిపోతుంది.

ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్ పీజీ) థీసిస్ రాసేవాళ్లకు సమయం ఉంది కాబట్టి ఆయుర్దాయం, 30–69 రెండూ కట్టి, రెండింటి వరసలు కలవని వార్డులు ఏవో వెతకండి. అసలు కథ అక్కడే దొరుకుతుంది. చాలాసార్లు అది ఒక ఆసుపత్రో, ఆశ్రమమో, నమోదు లోపమో అవుతుంది. గైడ్ అడిగే మొదటి ప్రశ్న కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంకె ఎంత నుంచి ఎంత దాకా ఊగొచ్చన్న హద్దులు) గురించే, ముందే కట్టి ఉంచుకోండి.

విలేకరులకు: రాష్ట్రం కిందికి అధికారిక ఆయుర్దాయం లేదు. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ 2016–20కి దేశానికి 70.0 ఏళ్లని ఇచ్చింది. పెద్ద రాష్ట్రాలకు, గ్రామ-పట్టణాలకు, ఆడ-మగకు విడిగా ఇస్తుంది, అంతవరకే. ఎవరైనా వార్డు ఆయుర్దాయం అంటూ కాగితం చేతిలో పెడితే మూడు ప్రశ్నలు వేయండి: మరణాలు ఎన్ని, నివాసం ప్రకారమా నమోదు ప్రకారమా, జనాభా ఏ ఏడాదిది. మూడింటికీ జవాబు లేకపోతే వార్త వేయొద్దు. ఉంటే అంకె పక్కనే 'ఇంత నుంచి ఇంత' అని హద్దులు కూడా వేయండి. 66 నుంచి 72, 68 నుంచి 74 అని ఉన్న రెండు వార్డుల్లో ఏది మెరుగో ఆ కాగితం చెప్పలేదు.

అమెరికాలో ఇల్లు కొనబోతూ స్కూల్ రేటింగులతో పాటు ఆయుర్దాయం మ్యాప్ కూడా తెరిచి చూసే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడ సెన్సస్ ట్రాక్ట్ (జనగణన కోసం గీసిన, కొన్ని వేల మంది ఉండే చిన్న ప్రాంతం) స్థాయికి సిద్ధంగా దొరికేది 2018లో ప్రభుత్వ ఆరోగ్య గణాంక కేంద్రం విడుదల చేసిన పట్టిక. 2010–2015 మరణాలతో కట్టారు, మెయిన్, విస్కాన్సిన్ రాష్ట్రాలు అందులో లేవు. టెక్సస్‌లోని ఫ్రిస్కో లాంటి ఊళ్లు ఆ తర్వాత ఎంతో పెరిగాయి. మీరు చూస్తున్న ఇళ్ల సబ్‌డివిజన్ అప్పటికి ఖాళీ పొలం అయి ఉండొచ్చు. ఫైల్‌లో అంకె పక్కన స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంకె యాదృచ్ఛికంగా ఎంత ఊగొచ్చో చెప్పే కొలత) ఉంటుంది. దాన్ని రెట్టింపు చేసి అటూ ఇటూ పెట్టుకుని చూడండి. రెండు ఇళ్ల మధ్య తేడా అందులోనే మునిగిపోతే ఆ తేడా లేనట్టే.

ఇల్లు మారితే ఆయుష్షు పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. 1990లలో అమెరికా ప్రభుత్వం ఐదు నగరాల్లో లాటరీ తీసి, పేద కుటుంబాలకు తక్కువ పేదరికం ఉన్న చోటికి మారే అవకాశం ఇచ్చింది. పది పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ కుటుంబాల్లోని ఆడవాళ్లలో తీవ్ర స్థూలకాయం, షుగర్ కొంత తగ్గాయి. బాగా దెబ్బతిన్న చోటి నుంచి బయటపడినవాళ్ల సంగతి అది. 84 ఏళ్ల ట్రాక్ట్ నుంచి 87 ఏళ్ల ట్రాక్ట్‌కు మారే సాఫ్ట్‌వేర్ కుటుంబానికి దాన్ని అన్వయించలేం. వాళ్లు ఆ మూడేళ్లను పక్కన పెట్టి ఆఫీసుకు రోజూ ఎంతసేపు కారు నడపాలి, ఇంటి ముందు నడవడానికి ఫుట్‌పాత్ ఉందా, హైవే ఎంత దూరంలో ఉందో చూసుకుంటే చాలు.